సాలు ఎటు తోలారో ముందు చూడండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి చేవెళ్ల దగ్గర మా నాన్న చేసే నాలుగెకరాలు చూసుకుంటున్నాను. మూడెకరాలు నల్లరేగడి, ఎకరం ఎర్రచల్క. ఏటా పత్తే. యూరియా బస్తాలు పెరుగుతున్నాయి, దిగుబడి తగ్గుతోంది. నేల చెడకుండా సాళ్ల పంటలు పండించడం మొదటి నుంచి నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – యువ రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే డ్రమ్ము, బెల్లం కొనేసి ఉంటారు. పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతం సంగతి తర్వాత. ముందు గట్టి వాన పడ్డ మర్నాడు గట్టు మీద నిలబడి నీళ్లు ఎటు పోయాయో చూడండి. కింది మూలలో మెత్తటి ఒండ్రు పేరుకుందా? అది మీ పైచేను మట్టే. మీరు చల్లిన ఎరువులో కొంత దానితోనే పోయింది.

మన దగ్గర ట్రాక్టర్ తిప్పుకోవడానికి వీలుగా ఉంటుందని చేను పొడుగునే సాలు తోలేస్తారు, వాలు ఎటుందో చూడరు. ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. ఒక్కపూటలో 50 మి.మీ. కురిస్తే రెండు లక్షల లీటర్లు! వాలు వెంట తోలిన ప్రతి సాలూ ఆ నీటికి కాలువే. ఈసారి అచ్చు, అంటే విత్తే ముందు గీసే సాళ్ల గుర్తు, వాలుకు అడ్డంగా తోలించండి. డ్రైవర్ సణుగుతాడు, సణగనివ్వండి.

నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. ముసురు పడితే నీరు నిలిచి పైరు ఎర్రబారుతుంది. అక్కడ ఎత్తుమడులు మేలు: మీటరు వెడల్పు మడి, పక్కన అరమీటరు కాలువ. నీరు మెల్లగా నడిచేంత వాలు మాత్రం కాలువకు ఉండాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) నల్లరేగడిలో 1976లో మొదలైన ప్రయోగంలో ఇలాంటి మడుల మీద వానాకాలం నుంచే పంట పెట్టి, జొన్నలో కంది లాంటి జోడు వేసి, తగిన ఎరువులిచ్చారు. సగటున హెక్టారుకు 5 టన్నుల గింజ వచ్చింది. పక్కనే పాత పద్ధతిలో వానాకాలమంతా బీడు పెట్టి యాసంగిలో ఒక్క పంట తీస్తే టన్ను దాటి కాస్త. మడి ఒక్కటే అంత తేలేదు, అన్నీ కలిస్తేనే వచ్చింది. కాబట్టి మడులు తోలి మిగతావి వదిలేయొద్దు.

మీ నల్లరేగడిలో పత్తి మానమనడం లేదు. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేయండి. కంది వేరు లోతుకు దిగుతుంది, ఆకు రాల్చి నేలకిస్తుంది, పత్తి దెబ్బతిన్న ఏడు ఇంటికి పప్పైనా వస్తుంది. మీకు దగ్గర్లోని తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది! మరుసటి ఏడాది ఆ మూడెకరాల్లో కనీసం ఒకటి జొన్నకో మొక్కజొన్నకో మార్చండి. కంది సాలు ఏటా ఒకేచోట పడితే ఎండుతెగులు నేలలో స్థిరపడుతుంది. చల్కలో మాత్రం పత్తి వద్దు. రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది, లేదా ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది చాలు.

తొలకరి చినుకుకే విత్తనం వేసేయకండి. కనీసం 60–75 మి.మీ. పడి నేల బాగా తడిశాకే పత్తి పెట్టండి.

యూరియా 45 కిలోల బస్తాలో నత్రజని 21 కిలోలకు మించదు. పైపైన చల్లితే అందులోనూ కొంత గాలిపాలే. మొక్కకు కాస్త ఎడంగా వేసి మట్టి కప్పించండి. అసలెంత వేయాలో భూసార పరీక్ష చెబుతుంది. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున ‘వి’ ఆకారంలో తవ్వి మట్టి తీసి, కలిపి, అరకిలో పంపండి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయొద్దు. నల్లదీ ఎర్రదీ కలపనే వద్దు.

డిసెంబరు దాటాక ‘ఇంకో రెండు ఏరుళ్లు వస్తాయి’ అని పత్తి ఉంచితే కాయ తొలిచే గులాబీ రంగు పురుగును వచ్చే ఏటికి పెంచి పెట్టినట్టే. పీకేయండి. కట్టెకు నిప్పు పెట్టకుండా ముక్కలు చేయించి దున్నించండి.

అచ్చు తోలించే ముందు మీ నాన్నగారిని ఒకసారి చేను చుట్టూ నడిపించండి. ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ గట్టు తెగుతుందో ఆయనకు తెలిసే ఉంటుంది.