ముందు అమ్మమ్మ శ్రుతి, తర్వాతే సాఫ్ట్‌వేర్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ పాడే దంపుళ్ల పాటలు, పెళ్లిపాటలు రికార్డు చేసి వాటికి వాద్యాలు చేర్చాలని ఉందని రాశావు. చదివి ఎంతో సంతోషించాను. మన ఇంట్లో ఆ పాటలు ఆమెకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా రావు. ఈ పని ఎప్పుడో ఒకప్పుడు చేద్దామని వాయిదా వేయకు, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనవద్దు. నీది విండోస్ లాప్‌టాప్ కదా, రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ దించుకో. 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూసి, తర్వాత లైసెన్సు తీసుకోవచ్చు. మ్యాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగానే దొరుకుతుంది. క్యూబేస్, ఏబుల్‌టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో కూడా మంచివే. ఒకదానిలో చేయి తిరిగితే మిగిలినవి తొందరగానే పట్టుబడతాయి. అందుకే ఒక పాట పూర్తయ్యేదాకా సాఫ్ట్‌వేర్ మార్చకు. స్నేహితులు ఇచ్చే దొంగ కాపీలు మాత్రం ముట్టుకోకు. వాటితో పాటు ఏ వైరస్ వస్తుందో తెలియదు, అమ్మమ్మ పాటలున్న లాప్‌టాప్‌లో ఆ ప్రమాదం అసలే వద్దు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. కొత్త ప్రాజెక్టు తెరిస్తే తెర ఖాళీగా కనిపిస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ అప్పటికే నీ బదులు కొన్ని నిర్ణయాలు తీసుకుని ఉంటుంది. నిమిషానికి 120 దెబ్బల టెంపో, ఒక్కో తాళ విభాగానికి (బారుకు) నాలుగు దెబ్బలు, స్థాయిలో సమానంగా పంచిన 12 మెట్లు, ఎ స్వరానికి 440 హెర్ట్జ్. ఇవేవీ అమ్మమ్మను అడిగి పెట్టినవి కావు. ఆమె చేత టిక్కుటిక్కుమని లయ కొట్టే మెట్రోనోమ్ వింటూ పాడించావంటే పాట ప్రాణం పోతుంది. దంపుళ్ల పాటను ఆమె నింపాదిగా ఎత్తుకుంటుంది, రోకటి పోటు ఊపందుకున్నకొద్దీ వేగం పెంచుతుంది. ఆ పెరుగుదలే పాటకు అందం.

కాబట్టి క్లిక్కు లేకుండా, ఇయర్‌ఫోన్లు తగిలించకుండా, ఆమెకు అలవాటైన తీరులో పాడనివ్వు. పాటకూ పాటకూ మధ్య రికార్డింగు ఆపకు. చరణం గుర్తు చేసుకుంటూ ఆమె చెప్పే మాటలు కూడా దాచుకోవలసినవే.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ గళ్ళను ఆమె లయకు సర్దుకో. ముందుగా రీపర్ ప్రాజెక్టు సెట్టింగుల్లో టైమ్‌బేస్‌ను టైమ్‌కు మార్చు. ఇది మరిచిపోతే నువ్వు టెంపో మార్చినప్పుడల్లా రికార్డయిన గొంతు కూడా జరిగిపోతుంది. తర్వాత పాట వింటూ, రోకటి పోటు పడే చోటల్లా షిఫ్ట్, సి కలిపి నొక్కి టెంపో గుర్తులు పెట్టుకుంటూ పో. విసుగు పుట్టించే పనే, ఒక్కో పాటకు ఒక పూట పడుతుంది. అయినా అది అయ్యాక నువ్వు చేర్చే ప్రతి వాద్యం అమ్మమ్మ వెంట నడుస్తుంది. పాట ఏడు దెబ్బల మిశ్రచాపు తాళంలో ఉంటే బారును ఏడుకు మార్చి, మూడు, నాలుగుగా విడగొట్టి లెక్కపెట్టుకో. ఆదితాళమైతే నాలుగు దెబ్బల బార్లు రెండు కలిపితే ఒక ఆవర్తం, అక్కడ చిక్కు లేదు.

శ్రుతి సంగతి కూడా అంతే. తోడు లేకుండా పాడేవాళ్లు కీబోర్డు మెట్టు మీద సరిగ్గా నిలవరు. అమ్మమ్మ షడ్జమం జి స్వరానికి కాస్త పైన ఉందనుకో. ట్యూనర్‌తో ఎంత పైన ఉందో చూడు. కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరం అరస్వరం, దానికి 100 సెంట్లు. ఆమె 30 సెంట్లు పైన ఉంటే నీ వాద్యాలన్నిటినీ 30 సెంట్లు పెంచు, ఆమె గొంతును మాత్రం కిందికి లాగకు. పాట చివర మళ్లీ చూసుకో, పాడుతూ పాడుతూ శ్రుతి కొంచెం పెరిగి ఉండవచ్చు. పిచ్ సరిదిద్దే ప్లగిన్లను ఆమె ట్రాకు దరిదాపులకు రానివ్వకు. స్వరాన్ని దగ్గరి మెట్టు మీదికి లాగడమే వాటి పని. గమకంలో స్వరం మెట్ల మధ్యే తిరుగుతుంది, దాన్ని అవి తప్పుగా లెక్కగట్టి చదును చేసేస్తాయి.

నువ్వు కీబోర్డు మీద వేణువు, వీణ వాయించినా ఈ చిక్కు ఎదురవుతుంది. కీబోర్డు సాఫ్ట్‌వేర్‌కు పంపేది మిడి, అందులో శబ్దం ఉండదు. ఏ మెట్టు నొక్కావు, ఎంత బలంగా నొక్కావు, ఎప్పుడు వదిలావు అనే సమాచారమే ఉంటుంది. జారు పలికించాలంటే పిచ్‌బెండ్ చక్రం తిప్పాలి. అది సాధారణంగా రెండు అరస్వరాల దూరమే వెళ్తుంది. షడ్జమం నుంచి పంచమానికి ఏడు అరస్వరాలు. అందుకని వాద్యం సెట్టింగుల్లో ఆ హద్దును 12కు పెంచుకుని, చేతికి అలవాటయ్యేదాకా సాధన చెయ్యి. డప్పుకు మాత్రం ముందే రికార్డు చేసి పెట్టిన లూపుల జోలికి పోకు. మన ఊళ్లో వాయించేవాళ్లు ఉన్నారు, వాళ్లను పిలిచి అమ్మమ్మ పాట వినిపించి వాయించమను. వచ్చినందుకు డబ్బు ఇవ్వు, పాట కింద వాళ్ల పేరు వెయ్యి.

పరికరాలకు ఎక్కువ ఖర్చు వద్దు. ఒక కండెన్సర్ మైకు, దానికి 48 వోల్టుల కరెంటు అందించే చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు చాలు. పరుపులు, బట్టల బీరువా ఉన్న గది ఎంచుకో, ఖాళీ హాలులో గొంతు మోగుతుంది. ఫ్యాను ఆపు, ఫ్రిజ్ ఆపు, పూర్తయ్యాక ఫ్రిజ్ మళ్లీ వెయ్యడం మరవకు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచితే ప, భ పలికినప్పుడు గాలి తగలదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకో. ఆమె గట్టిగా ఎత్తుకున్నప్పుడు కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూడు. 24 బిట్‌లో మెల్లగా రికార్డయినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన గొంతును అతికించలేం.

నువ్వు కీబోర్డు వాయించేటప్పుడు నొక్కిన కాసేపటికి శబ్దం వస్తుంటే బఫర్ తగ్గించు. బఫర్ అంటే లాప్‌టాప్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు, 128 అయితే మూడుకు లోపే. మిక్సింగుకు వచ్చాక మళ్లీ పెంచు, లేకపోతే లాప్‌టాప్ ఆయాసపడి శబ్దం తెగుతుంది.

ప్రాజెక్టును మొదటిసారి సేవ్ చేసేటప్పుడే దానికి ప్రత్యేక ఫోల్డరు పెట్టి, ఆడియో ఫైళ్లన్నీ అందులోకే చేరేలా చూసుకో. ఆ సాయంత్రమే ఇంకో డిస్కులోకి నకలు తియ్యి.

మొదటి పాట అయ్యాక నాకు పంపు. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైళ్లు కావాలి. ప్రతి ట్రాకూ సున్నా నుంచే మొదలయ్యేలా విడివిడిగా తీసి, ఫైలు పేరులో వాద్యం పేరు రాయి. అమ్మమ్మ గొంతు మీద ఏ ఎఫెక్టూ వద్దు. ఆ గొంతుకు ఎంత ప్రతిధ్వని అవసరమో మనిద్దరం కలిసి విని నిర్ణయిద్దాం.

నీ మామయ్య