జర్మనీలో ఉద్యోగం పోతోంది, శుక్రవారంలోపు సంతకం పెట్టమంటున్నారు: పెట్టాలా?

ప్రశ్న: సార్, మాది గుంటూరు జిల్లా. హైదరాబాద్‌లో ఆరేళ్లు పనిచేసి జర్మనీ వచ్చాను, నాలుగేళ్లు దాటింది. స్టుట్‌గార్ట్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ, జీతం ఏడాదికి 70 వేల యూరోలు, బ్లూ కార్డ్ (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉన్నాను. భార్య ఉద్యోగం చేయట్లేదు, మూడేళ్ల పాప ఉంది. మొన్న సోమవారం హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, ప్రాజెక్టులు తగ్గాయి, ఈ నెలాఖరుకు పరస్పర అంగీకారంతో విడిపోదాం, మూడు నెలల జీతం ఇస్తాం, శుక్రవారంలోపు సంతకం పెట్టండి అన్నారు. నా కాంట్రాక్టులో నోటీస్ పీరియడ్ మూడు నెలలు ఉంది. సంతకం పెడితే నిరుద్యోగ భృతి వస్తుందా? వీసా ఏమవుతుంది? కంపెనీ పెన్షన్‌కి నెలకు 200 యూరోలు కట్ అవుతున్నాయి, అవి పోతాయా? ఇండియా వచ్చేస్తే ప్రభుత్వ పెన్షన్‌కి కట్టిన డబ్బు వెనక్కి తీసుకోవచ్చా?

జవాబు: శుక్రవారం సంతకం పెట్టకండి. ఆ గడువు హెచ్‌ఆర్ వాళ్లు పెట్టుకున్నది, చట్టంలో ఉన్నది కాదు. మీ చేతికి ఇచ్చిన కాగితాన్ని అక్కడ ఔఫ్‌హేబుంగ్స్‌ఫెర్‌ట్రాగ్ అంటారు, అంటే ఇద్దరూ ఒప్పుకుని ఉద్యోగ ఒప్పందాన్ని రద్దు చేసుకోవడం. పెన్నుతో సంతకం పెడితేనే అది చెల్లుతుంది, కానీ ఒకసారి పెట్టాక మనసు మార్చుకునే హక్కు ఉండదు. మోసమో బెదిరింపో అన్యాయమైన ఒత్తిడో జరిగిందని నిరూపిస్తే తప్ప కోర్టు కూడా దాన్ని కొట్టేయదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. "లాయర్‌కి చూపించి రెండు వారాల్లో జవాబిస్తాను" అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి, చాలు. మెయిల్ పెట్టినందుకు ఎవరూ మిమ్మల్ని ఏమీ చేయలేరు.

ఇప్పుడు ఆ మూడు నెలల జీతం సంగతి చూద్దాం. మీ నోటీస్ పీరియడే మూడు నెలలు. అంటే కంపెనీ ఈరోజు మిమ్మల్ని తీసేసినా ఆ మూడు నెలలూ జీతం ఇవ్వాల్సిందే, మీరు ఉద్యోగిగానే ఉంటారు, ఇన్సూరెన్స్ నడుస్తుంది, పెన్షన్ పడుతుంది. వాళ్లు ఇస్తామంటున్నది ఎలాగూ మీకు రావాల్సిన డబ్బే, దానికి పరిహారం అని పేరు పెట్టారంతే. నిజమే, ఉద్యోగం తీసేస్తే పరిహారం ఇచ్చి తీరాలన్న సాధారణ నియమం జర్మనీలో లేదు, కానీ బేరాల్లో పనిచేసిన ఒక్కో ఏడాదికి అర నెల జీతం అనేది అందరూ వాడే లెక్క. ఆ లెక్కన నాలుగేళ్లకు రెండు నెలల జీతం, అదీ నోటీస్ మూడు నెలలు కాకుండా విడిగా. కంపెనీ కేసు బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువే అడగవచ్చు.

బలహీనంగా ఉండటానికి కారణాలు చాలానే దొరుకుతాయి. పది మందికి మించి ఉద్యోగులున్న చోట ఆరు నెలలు దాటి పనిచేసినవాళ్లకు ఉద్యోగ రక్షణ చట్టం వర్తిస్తుంది. పని తగ్గిందని తీసేసేటప్పుడు ఒకే రకం పని చేసేవాళ్లలో ఎవరి సర్వీసు ఎంత, వయసెంత, ఎవరి మీద కుటుంబం ఆధారపడి ఉంది, వైకల్యం ఉందా అన్నవి కంపెనీ తూచి చూడాలి. సంపాదన లేని భార్య, మూడేళ్ల పాప ఉన్న మీకు ఇక్కడ బలం ఉంది. బెట్రీబ్స్‌రాట్, అంటే ఉద్యోగుల మండలి, ఉన్న కంపెనీ అయితే తీసేసే ముందు ఆ మండలిని అడిగి తీరాలి, అడగకపోతే ఆ తొలగింపు చెల్లదు. తొలగింపు నోటీసు కూడా పెన్ను సంతకంతో కాగితం మీదే రావాలి, మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్ చెల్లదు. అలాంటి కాగితం చేతికొస్తే, అందిన రోజు నుంచి మూడు వారాల్లో ఆర్బైట్స్‌గెరిష్ట్‌లో, అంటే కార్మిక కోర్టులో, కేసు వేయాలి. ఈ గడువు దాటితే తప్పుడు తొలగింపు కూడా సరైనదైపోతుంది. మొదటి కోర్టులో లాయర్ తప్పనిసరి కాదు, కోర్టులోనే ఒక కౌంటర్ ఉంటుంది, మీరు చెప్పింది వాళ్లే రాసుకుంటారు. ఓడిపోయినా అవతలివాళ్ల లాయర్ ఫీజు మీ మీద పడదు. ఇలాంటి కేసులు చాలావరకు మొదటి వాయిదాలోనే సెటిల్‌మెంట్‌తో ముగుస్తాయి.

నిరుద్యోగ భృతి విషయంలో ఈ సంతకమే అసలు ప్రమాదం. గత 30 నెలల్లో 12 నెలలు బీమా కట్టి ఉంటే భృతికి అర్హత ఉంటుంది, 24 నెలలు కట్టినవాళ్లకు ఏడాది పాటు వస్తుంది. పిల్లలుంటే నికర జీతంలో 67 శాతం, లేకపోతే 60 శాతం. మీరు మొదటి వర్గం. కానీ ఉద్యోగాన్ని మీ చేతులతో మీరే వదులుకున్నారని ఆగెంటూర్ ఫ్యూర్ ఆర్బైట్, అంటే ప్రభుత్వ ఉపాధి కార్యాలయం, భావిస్తే 12 వారాలు పైసా ఇవ్వదు. చాలామంది ఆ 12 వారాలే పోతాయి, తర్వాత మొత్తం ఏడాదీ వస్తుందనుకుంటారు. రాదు. మొత్తం కాలంలో కనీసం పావు వంతు కోసేస్తారు, మీ 12 నెలలు 9 అవుతాయి. దీనికి తోడు నోటీస్ పీరియడ్ పూర్తికాకముందే పరిహారం తీసుకుని బయటికొస్తే ఆ కారణంతో కూడా భృతి కొంతకాలం ఆగుతుంది. కంపెనీ ఎలాగూ తీసేయబోతోందని ఖాయమై, కారణం మీ తప్పు కాక పని తగ్గడమై, నోటీస్ గడువు పూర్తిగా పాటించి, పరిహారం ఏడాదికి అర నెలకు మించకపోతే అప్పుడు సంతకం పెట్టినా కోత పడదు. ఈ మాటలన్నీ ఆ కాగితంలోనే రాయించాలి, హెచ్‌ఆర్ నోటితో చెబితే సరిపోదు.

ఉద్యోగం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు, అంతకంటే తక్కువ సమయమే ఉంటే ముగుస్తోందని తెలిసిన మూడు రోజుల్లో, ఉద్యోగం వెతుక్కుంటున్నట్టు ఆగెంటూర్‌లో నమోదు చేసుకోవాలి, ఆన్‌లైన్‌లో అయినా సరే. ఆలస్యమైతే ఒక వారం భృతి పోతుంది. భృతి తీసుకుంటూ చెప్పకుండా ఇండియా వెళ్లడం మాత్రం చేయకండి. ముందే అనుమతి తీసుకుని మూడు వారాల వరకు వెళ్లవచ్చు. అనుమతి లేకుండా వెళ్లి, జర్మనీలోనే ఉన్నట్టు చూపించి, తర్వాత తీసుకున్నది వెనక్కి కట్టాల్సి వస్తే ఇంటిల్లిపాదికీ టెన్షనే.

వీసా గురించి. ఉద్యోగం ముందుగానే ముగుస్తోందని తెలిసిన రెండు వారాల్లో ఔస్‌లెండర్‌బెహోర్డెకి, అంటే విదేశీయుల కార్యాలయానికి, తెలియజేయడం మీ బాధ్యత. వెంటనే దేశం వదలమనరు, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఇస్తారు. నోటీస్ మూడు నెలలూ జీతంతో ఉంటే ఆ కాలం కూడా మీకు కలిసొస్తుంది, తొందరపడి సంతకం పెట్టొద్దు అనడానికి ఇదొక కారణం. నిరుద్యోగ భృతి మీరు కట్టిన బీమాకి వచ్చే డబ్బు, ప్రభుత్వం పెట్టే సాయం కాదు, కాబట్టి వీసాకి మచ్చ అవుతుందని భయపడకండి. ఆ సమయంలో ఆరోగ్య బీమా కూడా ఆగెంటూరే కడుతుంది, భార్యా పాపా మీ బీమాలోనే ఉంటారు. పాపకి వచ్చే పిల్లల భత్యమైన కిండర్‌గెల్డ్‌కి, 2025లో నెలకు 255 యూరోలు, మీ కంపెనీతో సంబంధం లేదు. ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట: బ్లూ కార్డ్ మీద 27 నెలలు, జర్మన్ బీ1 స్థాయి ఉంటే 21 నెలలు పూర్తయ్యాక శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగం నిలకడగా ఉన్నప్పుడే పెట్టేయండి.

కంపెనీ పెన్షన్‌లో మీ జీతం నుంచి కట్ అయిన 200 మొదటి రోజు నుంచే మీది, దాని మీద చట్టం ప్రకారం కంపెనీ కలిపే 15 శాతం కూడా అంతే. కంపెనీ తనంతట తాను ఇంకేమైనా వేస్తుంటే అది మూడేళ్లు దాటాక మీది అవుతుంది, మీకు దాటాయి. అయితే మన పీఎఫ్‌లా ఉద్యోగం మానాక తీసుకునే డబ్బు కాదది. కొత్త కంపెనీకి మార్చుకోవచ్చు, లేదా అలాగే వదిలేయవచ్చు.

చివరిది ప్రభుత్వ పెన్షన్. జీతంలో 18.6 శాతం జమవుతుంది, సగం మీది, సగం కంపెనీది. ఐదేళ్లు, అంటే 60 నెలలు, నిండకముందే శాశ్వతంగా ఇండియా వచ్చేస్తే 24 నెలలు ఆగి వెనక్కి అడగవచ్చు. కానీ ఇచ్చేది మీ సగమే, వడ్డీ లేకుండా. మీ జీతం మీద ఏడాదికి 6,510 యూరోలు, నాలుగేళ్లకు దాదాపు 26 వేలు. అదే డబ్బు ముట్టుకోకుండా వదిలేస్తే? 2025 సగటు జీతం సుమారు 50,500 యూరోలు, సగటు జీతంతో ఒక ఏడాది పనిచేస్తే 2025 జూలైలో అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం నెలకు 40.79 యూరోల పెన్షన్ పోగవుతుంది. మీది అంతకంటే ఎక్కువ, నాలుగేళ్లకు నెలకు సుమారు 226 వస్తుంది. 67 ఏళ్లు వచ్చాక బతికున్నంత కాలం, గుంటూరులో కూర్చున్నా పంపిస్తారు. పదేళ్లలోపే ఆ 26 వేలు వచ్చేస్తాయి, పైగా రేటు ఏటా సవరిస్తుంటారు.

60 నెలలు నిండలేదు కదా అంటారేమో. 2017 మే 1 నుంచి భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం అమల్లో ఉంది. హైదరాబాద్‌లో మీ ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) ఖాతాలో పడిన కాలాన్ని అర్హత కోసం కలుపుతారు. అలాగే ఈపీఎస్ పెన్షన్‌కి కావాల్సిన పదేళ్లకు జర్మనీ కాలం కలుస్తుంది. మీ ఆరు, నాలుగు కలిపితే రెండు వైపులా దారి తెరుచుకుంటుంది, ఎవరి వాటా పెన్షన్ వాళ్లిస్తారు. జర్మనీలో డబ్బు వెనక్కి తీసుకున్నారంటే అక్కడి కాలం మొత్తం చెరిగిపోతుంది, ఈ లెక్క ఏదీ మిగలదు. చేతిలో వేరే దారి లేనంత అవసరం వస్తే తప్ప తీసుకోవద్దనే నా సలహా. హైదరాబాద్ ఈపీఎస్ డబ్బు ఇంకా తీయలేదనుకుంటే దాన్నీ తీయకండి, ఫారం 10సీ పెట్టి డబ్బుకు బదులు మీ సర్వీసు కాలాన్ని చూపే స్కీమ్ సర్టిఫికెట్ అడగండి, జర్మనీ కాగితాలతో పాటు దాన్ని కూడా భద్రపరచండి.