బావి దగ్గరి ఉద్యోగం: మీ ప్రశ్నలు, నా జవాబులు

(చమురు, గ్యాస్ ఉత్పత్తిలో ప్రొడక్షన్ ఇంజినీర్‌గా కోనసీమలోనూ, సముద్రం మీద ప్లాట్‌ఫారాల్లోనూ పనిచేసి, రిటైరయ్యాక విశాఖలో స్థిరపడిన ఒక ఇంజినీరు ఈ వారం పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మా అబ్బాయికి మన విశాఖ ఐఐపీఈలో పెట్రోలియం ఇంజినీరింగ్ సీటు వచ్చేలా ఉంది. చదువు అయిపోగానే పక్కనే రిఫైనరీలో ఉద్యోగం, క్యారేజీ పట్టుకుని ఇంటి నుంచే డ్యూటీకి వెళ్లొచ్చు అని చుట్టాలు అంటున్నారు. నిజమేనా సార్?
– ఒక తల్లి, మల్కాపురం

జవాబు: సీటు మంచిదేనమ్మా. చుట్టాలు వేసిన లెక్కే తప్పు. మీ ఇంటి దగ్గరున్న రిఫైనరీ 1957లో కాల్టెక్స్ వాళ్లు మొదలుపెట్టింది, ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌ది. అక్కడికి ముడిచమురు ఓడల్లో వస్తుంది. దాన్ని కాచి పెట్రోలు, డీజిలు, వంటగ్యాసుగా విడగొడతారు. అది ముఖ్యంగా కెమికల్ ఇంజినీర్ల రాజ్యం. డాల్ఫిన్ నోస్ వెనక కొండరాతిని తొలిచి చేసిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ చేయొచ్చు. అదీ బయటి నుంచి తెచ్చి పోసేదే. విశాఖలో చమురు బావి లేదు.

పెట్రోలియం ఇంజినీరు ఉండేది చమురు పైకి వచ్చేచోట. అంటే మీ అబ్బాయి కోనసీమలోనో, ముంబై తీరానికి దూరంగా సముద్రంలోనో, రాజస్థాన్ బాడ్‌మేర్‌లోనో, అస్సాంలోనో ఉంటాడు. క్యారేజీ ఉద్యోగం కాదు. ఇంటి దగ్గరే ఉండాలన్నది ముఖ్యమైతే అదే ఐఐపీఈలో కెమికల్ ఇంజినీరింగ్ కూడా ఉంది. కానీ ఏది కావాలో అబ్బాయిని అడిగి తేల్చుకోండి. నాలుగేళ్లు చదివి, ఆ తర్వాత బతుకంతా చేయాల్సింది అతనే.

ప్రశ్న: ప్రొడక్షన్ ఇంజినీరు రోజూ చేసే పనేంటి సార్? డ్రిల్లింగ్ అంటే బావి తవ్వడమని తెలుసు. తవ్వేశాక ఇంక పనేముంటుంది?
– బీటెక్ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: అసలు పని అప్పుడే మొదలవుతుంది బాబూ. తవ్వడం కొన్ని నెలల్లో ముగుస్తుంది. ఆ బావి పదేళ్లు, ఇరవయ్యేళ్లు పారుతుంది. అన్నాళ్లూ దాన్ని చూసుకునేవాడు ప్రొడక్షన్ ఇంజినీరు.

కొబ్బరితోట మధ్యలో కంచె, కంచెలో ఒక ఇనుప చెట్టు. వాల్వుల మీద వాల్వులు పేర్చినట్టుంటుంది, దాన్నే క్రిస్మస్ ట్రీ అంటాం. పొద్దున్నే వెళ్లి ముందు ట్యూబింగ్ (చమురు పైకి వచ్చే లోపలి గొట్టం) ప్రెషర్ చూడాలి, తర్వాత కేసింగ్ (దాని చుట్టూ ఉండే బయటి గొట్టం) ప్రెషర్. కేసింగ్‌లో ఉండకూడని ప్రెషర్ కనిపిస్తే లోపల ఎక్కడో లీకుందని అర్థం. తర్వాత శాంపిల్ సీసా పట్టాలి. ముడిచమురు పైన, నీళ్లు అడుగున తేరుకుంటాయి. ఆ నీటి శాతాన్నే వాటర్ కట్ అంటాం. ఈ మూడు అంకెలూ పుస్తకంలో ఎక్కించి, నిన్నటివాటితో, పోయిన నెలవాటితో పోల్చి చూడాలి. గేజి ముల్లు ఎక్కడుందో చూడటం ఎవరైనా చేస్తారు. వారం నుంచి అది ఎటు జరుగుతోందో పట్టుకునేవాడే ఇంజినీరు.

ఒక దృశ్యం చెప్తాను. రోహిణి కార్తె ఎండ, తోటలో ఊపిరాడని ఉక్క. మూసి ఉంచిన గ్యాస్ బావిని మళ్లీ తెరిస్తే చోక్ దాటిన చోట పైపు మీద తెల్లగా మంచు పేరుకునేది. చోక్ అంటే ప్రవాహాన్ని అదుపు చేసే సన్నటి రంధ్రం. అది దాటగానే గ్యాస్ ప్రెషర్ ఒక్కసారి పడిపోతుంది, దాంతో చల్లబడుతుంది. ఒక్కో బార్‌కు (ప్రెషర్ కొలిచే యూనిట్) సుమారు అర డిగ్రీ అనుకో, వంద బార్‌లు పడితే ఎంత చల్లబడుతుందో లెక్కేసుకో. బయటి మంచుతో నష్టం లేదు. లోపల గ్యాసూ నీటితేమా కలిసి హైడ్రేట్ అనే గడ్డ కడితే మాత్రం పైపు మూసుకుపోతుంది. అందుకే ముందే మెథనాల్ ఎక్కిస్తాం, లేదా హీటర్ పెడతాం. క్లాసులో చదివిన జూల్-థామ్సన్ సూత్రాన్ని వేలితో తాకి చూసే చోటు అది.

నేను కుర్రాళ్లకు ఎప్పుడూ చెప్పేది ఒకటే: బావిని తొందరపెట్టకండి. నెలాఖరుకు టార్గెట్ తగ్గితే చోక్ పెంచమని పైనుంచి ఫోన్ వస్తుంది. పెంచితే ఆ రోజు అంకె బాగుంటుంది. కానీ చాలాచోట్ల చమురు పొర కింద నీటి పొర ఉంటుంది. గట్టిగా లాగితే నీరు పైకి ఎగదన్నుతుంది. ఒకసారి దారి చేసుకున్న నీటిని మళ్లీ వెనక్కి పంపడం చాలా కష్టం. కల్లు గీసేవాడు చెట్టును లోతుగా కోయడు చూడు, వచ్చే ఏడు కూడా అదే చెట్టు ఎక్కాలి కాబట్టి. మన తీరంలోనే, సముద్రంలో ఉన్న కేజీ-డీ6 అనే గ్యాస్ బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. మరుసటి ఏడాదికి రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. ఆ తర్వాత బావుల్లోకి నీరు, ఇసుక వచ్చి కొన్నింటిని మూసేయాల్సి వచ్చింది. భూమి లోపల ఏముందో మనకు పూర్తిగా కనిపించదు. కాబట్టి చోక్ ఎందుకు పెంచకూడదో అంకెలతో రాసి పంపడం నేర్చుకో. నోటిమాటగా చెప్తే ఎవరూ వినరు.

ప్రశ్న: మా అమ్మాయికి వచ్చిన సంబంధం అబ్బాయి ఆఫ్‌షోర్‌లో, అంటే సముద్రం మీద ప్లాట్‌ఫారంలో ఇంజినీరు. పద్నాలుగు రోజులు డ్యూటీ, పద్నాలుగు రోజులు ఇల్లు అంటున్నారు. కాపురం ఎలా సాగుతుందోనని మా ఆవిడకు ఒకటే టెన్షన్.
– ఒక తండ్రి, ఎంవీపీ కాలనీ

జవాబు: సాగుతుందండీ, చాలామందికి బాగానే సాగుతోంది. ఇంట్లో ఉన్న రోజుల్లో పూర్తిగా ఇంట్లోనే ఉంటాడు. అక్కడున్నప్పుడు మాత్రం పన్నెండేసి గంటల షిఫ్టు. సంక్రాంతైనా, పిల్లాడికి జ్వరమైనా మధ్యలో రావడం కష్టం. వాతావరణం బాగోకపోతే హెలికాప్టర్ ఎగరదు, రావాల్సిన రోజు దాటిపోతుంది. ఈ సంగతి అబ్బాయి చేత మీ అమ్మాయికి నేరుగా చెప్పించండి, మధ్యవర్తి చేత కాదు. ఆమె ఉద్యోగం, ఆమెకు తోడుగా ఎవరుంటారు అన్నవి పెళ్లికి ముందే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: ఆడపిల్లలను ఫీల్డుకు పంపరని మా సీనియర్లు అంటున్నారు. నాకు ఈత కూడా రాదు. ఈ బ్రాంచి తీసుకుని తప్పు చేశానా?
– సెకండియర్ విద్యార్థిని, శ్రీకాకుళం నుంచి వచ్చి విశాఖలో చదువుతున్నాను

జవాబు: లేదు తల్లీ. చమురు బావులు కూడా గనుల చట్టం కిందికే వచ్చేవి. రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు వరకు ఆడవాళ్లు పనిచేయకూడదనే నిబంధన దశాబ్దాలపాటు ఉండేది. 2019లో కేంద్రం దాన్ని సడలించింది. రాతపూర్వక అంగీకారం ఉండాలి, షిఫ్టులో కనీసం ముగ్గురు మహిళలు ఉండాలి అన్న షరతులతో భూమి పైన జరిగే పనికి అనుమతిచ్చింది. ఇప్పుడు ఆడపిల్లలు ఫీల్డులోనూ, ప్లాట్‌ఫారాల మీదా పనిచేస్తున్నారు. ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడుగు: సైట్‌లో టాయిలెట్ ఎక్కడుంది, రాత్రి ఉండటానికి గది ఉందా, బండి ఎవరు పంపుతారు? ఇవి చిన్న విషయాలు కావు. వీటికి సరైన జవాబు లేకే కొందరు మంచి ఇంజినీర్లు ఫీల్డు వదిలేశారు. అది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఈత సంగతికి వస్తే, సముద్రం మీదికి వెళ్లే ముందు హెలికాప్టర్ నీళ్లలో పడితే బయటపడే శిక్షణ ఇస్తారు. క్యాబిన్‌లాంటి పెట్టెలో బెల్టు పెట్టి కూర్చోబెట్టి, కొలనులో ముంచి తలకిందులు చేస్తారు. కదలిక ఆగేదాకా ఆగాలి, ఒక చెయ్యి కిటికీ మీదే ఉండాలి. ముందు కిటికీ తోసి, ఆ తర్వాతే బెల్టు తీయాలి. బెల్టు ముందు తీసేస్తే ఏది పైనో ఏది కిందో తెలియదు. పక్కనే డైవర్లుంటారు. ఇప్పటి నుంచే ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో చేరి నీళ్లంటే భయం పోగొట్టుకో, చాలు.

ప్రశ్న: కరెంటు బండ్లు వచ్చేస్తున్నాయి కదా, ఈ చదువుకు భవిష్యత్తుందా?
– ఇంటర్ విద్యార్థి, గాజువాక

జవాబు: మన దేశం ముడిచమురులో ఎక్కువ భాగం దిగుమతే చేసుకుంటోంది, కాబట్టి ఇక్కడి బావుల పని ఇప్పట్లో ఆగదు. 2024 జనవరిలో కాకినాడ తీరానికి అవతల లోతు సముద్రంలో 98/2 బ్లాకు నుంచి చమురు మొదలైంది. ఆ చమురులో మైనం ఎక్కువ, చల్లటి సముద్రగర్భంలో గడ్డకట్టకుండా పైపు లోపల పైపు వేశారు. ఇలాంటి పనికి మనుషులు కావాలి. కానీ ధర పడినప్పుడల్లా నియామకాలు ఆగిపోతాయి. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో చమురు ధర సున్నా కిందికి పోయింది. అలాంటి ఏడాది పాసైన బ్యాచ్ తప్పేమీ లేకుండానే నలిగిపోతుంది. పైగా ప్రభుత్వ సంస్థల్లో ప్రొడక్షన్ పోస్టులకు మెకానికల్, కెమికల్ వాళ్లు కూడా పోటీకి వస్తారు. గేట్ రాయి, ప్రోగ్రామింగ్ నేర్చుకో, ఒక్కదాన్నే నమ్ముకోకు.

ప్రశ్న: మాది పాశర్లపూడి దగ్గర ఊరు. 1995లో అక్కడి బావి నుంచి ఎగసిన ఆ మంట చూసి పెరిగాను. నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలిన తర్వాత మా అమ్మానాన్నలకు పైపులైనంటేనే వణుకు. వాళ్లు ఏం చూసుకోవాలి?
– ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: మీ భయం సరైనదే. పాశర్లపూడి మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో ఇళ్ల మధ్యనున్న పైపు పగిలి ఇరవై మందికి పైగా పోయారు. గ్యాసుతోపాటు నీరు, కార్బన్ డయాక్సైడ్ పోతే పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైకి ఏమీ కనిపించదు. లోపల పిగ్ అనే పరికరం నడిపి శుభ్రం చేయడం, తుప్పు మందు ఎక్కించడం, గోడ మందం కొలవడం ఇంజినీర్ల పని. ఈ పనులు వాయిదా వేసే హక్కు ఎవరికీ లేదు.

మీ వాళ్లకు ఇది చెప్పండి. వంటగ్యాసుకు వాసన కలుపుతారు, పెద్ద పైపుల్లో వెళ్లే గ్యాసుకు చాలాచోట్ల కలపరు. కాబట్టి వాసన రాలేదని ధైర్యపడకూడదు. బుస్సుమనే చప్పుడు, గుంటనీటిలో ఆగకుండా బుడగలు, పైపు దారిలో మాత్రమే పచ్చగడ్డి ఎండిపోవడం, పెట్రోలులాంటి వాసన, వీటిలో ఏది కనిపించినా అనుమానించాలి. పొయ్యి వెలిగించకూడదు, స్విచ్ వేయకూడదు, బండి స్టార్ట్ చేయకూడదు. గాలికి ఎదురుగా, లేదా అడ్డంగా నడిచి దూరం పోవాలి. దూరం వెళ్లాకే ఫోన్ చేయాలి. పైపు పొడవునా పాతిన గుర్తు స్తంభాల మీద కంపెనీ ఎమర్జెన్సీ నంబరు ఉంటుంది. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ నంబరు మీ నాన్నగారి ఫోన్‌లో సేవ్ చేయండి. అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఫొటో తీసి పంచాయతీ ద్వారా ఫిర్యాదు పెట్టండి.