వీధి స్కేట్‌బోర్డర్ ప్రొఫెషనల్ కావాలంటే పతకం ముందా, వీడియో ముందా?

పదహారేళ్ళ వయసులో, మూడేళ్ళుగా వీధుల్లో స్కేటింగ్ చేస్తూ, చిన్న పోటీల్లో రెండు పతకాలు గెలిచిన తరువాత ప్రొఫెషనల్ కావడానికి ఇంకా ఎన్ని పోటీలు గెలవాలని మీరు అడిగారు. నేను మూడేళ్ళపాటు ఒక బోర్డుల కంపెనీ తరఫున స్కేటింగ్ చేశాను. ప్రొఫెషనల్ స్థాయికి చేరలేకపోయాను కానీ, ఆ తరువాత కెమెరా పట్టుకుని, ఆ స్థాయికి చేరినవారిని దగ్గరగా చూశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: మీరు లెక్కపెట్టవలసినవి పోటీలు కావు.

ఈ రంగంలో ప్రొఫెషనల్ హోదాను ఇచ్చే పరీక్ష గానీ ధ్రువపత్రం గానీ లేదు. ఒక కంపెనీ మీ పేరుతో బోర్డును విడుదల చేసిన రోజున మీరు ప్రొఫెషనల్ అవుతారు. అంతకుముందు సాధారణంగా రెండు దశలుంటాయి. మొదటిది ‘ఫ్లో’, అంటే జీతం లేకుండా బోర్డులు, చక్రాలు, బూట్లు మాత్రం పంపడం. రెండవది అమెచ్యూర్ జట్టులో, అంటే ఇంకా ప్రొఫెషనల్ కాని కంపెనీ స్కేటర్ల జట్టులో, చోటు. ఈ మెట్లు ఎక్కించే నిర్ణయం జట్టు మేనేజరుది, ఆ జట్టులో ఇప్పటికే ఉన్న స్కేటర్లది. వారు చూసేది మీ వీడియో పార్ట్‌నే, అంటే మీ మంచి ట్రిక్కులను ఏరి కూర్చిన చిన్న వీడియోనే.

మూడు, నాలుగు నిమిషాల పార్ట్ కోసం ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. నేను చిత్రీకరించిన ఒక కుర్రవాడు తొమ్మిది మెట్ల పక్కనున్న రెయిలింగ్ మీద ఒకే ఒక్క ట్రిక్ కోసం నాలుగు సాయంత్రాలు వచ్చాడు. రెయిలింగ్‌కు మైనం రుద్దడం, పరుగు తీసే దారిలో గులకరాళ్ళను చెప్పుతో ఊడ్చడం, పగులు మీద చిన్న చెక్కముక్క పరచడం, ఇంతలో కాపలాదారు వస్తే మౌనంగా బోర్డు తీసుకుని వెళ్ళిపోవడం, ఇదంతా కెమెరాకు కనిపించని పని. నాలుగో సాయంత్రం అతని బోర్డు రెయిలింగ్ మీద చివరిదాకా జారి, నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను తాకిన చప్పుడు వినిపించినప్పుడు కెమెరా వెనుక నా చేతులు వణికాయి. వీధి స్కేటింగ్‌లో ట్రిక్ ఎంత కష్టమైనదో, దాన్ని ఏ చోట, ఎంత సొంత తీరులో చేశారన్నది కూడా అంతే ముఖ్యం. అందరూ వెళ్ళే పార్కులో చేసిన పది ట్రిక్కుల కంటే, ఎవరూ స్పాట్‌గా, అంటే స్కేటింగ్‌కు పనికొచ్చే చోటుగా, గుర్తించని ఒక వాలుగోడ మీద చేసిన ఒక్కటి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

పోటీలు వ్యర్థమని నేను అనడం లేదు. టోక్యోలో ఈ ఆట ఒలింపిక్స్‌లోకి ప్రవేశించాక జాతీయ జట్లు, శిక్షకులు, ప్రయాణ ఖర్చుల సాయం వంటివి ఏర్పడ్డాయి. 2024 పారిస్ ఒలింపిక్స్ వీధి స్కేటింగ్‌లో రెండు 45 సెకన్ల రన్‌లలో (ఆగకుండా వరుసగా ట్రిక్కులు చేసే విడతల్లో) మెరుగైనదీ, ఐదు ప్రయత్నాలలో మెరుగైన రెండు ట్రిక్కులూ కలిపి స్కోరు లెక్కించారు. జపాన్ స్కేటర్ యూటో హోరిగోమె తన చివరి ప్రయత్నంలో 97.08 సాధించి, కేవలం 0.1 పాయింటు తేడాతో స్వర్ణం గెలిచారు. అటువంటి ఒత్తిడిని తట్టుకోవడం పోటీలే నేర్పుతాయి. అయితే బ్రెజిల్‌కు చెందిన రైసా లీల్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది పతకం కాదు. ఏడేళ్ళ వయసులో నీలిరంగు దేవకన్య దుస్తుల్లో మెట్ల మీదుగా హీల్‌ఫ్లిప్ (మడమతో బోర్డును గాలిలో తిప్పే ట్రిక్) చేసిన చిన్న వీడియో. టోక్యోలో రజతం ఆ తరువాత వచ్చింది.

ఒప్పందం గురించి ఒక మాట. నేను ఉన్న కంపెనీ అమెచ్యూర్ స్థానం ఇస్తామని నోటిమాటగా చెప్పి, నా గాయం తరువాత మరి ఉత్తరం రాయలేదు. అందువల్ల గాయపడితే ఏమవుతుంది, మీ పేరున్న బోర్డు అమ్మకంలో మీకు ఎంత వాటా వస్తుంది, మీ వీడియో హక్కులు ఎవరివి అన్నవి కాగితం మీద ఉండాలి. మీరు మైనరు కాబట్టి తల్లిదండ్రులు కూడా చదివి సంతకం చేయాలి.

ఆ గాయం చీలమండ బెణుకు. ఆరు వారాల విశ్రాంతి అవసరమని డాక్టరు చెప్పినా నేను మూడో వారంలోనే మెట్ల మీద నుంచి దూకాను. అదే చీలమండ మళ్ళీ తిరిగింది, పార్ట్ గడువు దాటిపోయింది. మీకూ అలాంటి గాయమైతే, నేను ఆగని ఆ మిగిలిన మూడు వారాలూ దయచేసి మీరు ఆగండి. ఆ రోజుల్లో ఇప్పటివరకు తీసిన ఫుటేజీ అంతా ముందు వేసుకుని, అందులో మీదని నమ్మకంగా చెప్పగల ట్రిక్కులను మాత్రమే ఏరి, ఒక నిమిషం వీడియోగా కూర్చి పంపండి.