గసగసాలు తీసేయండి, ఆ నొప్పి మాత్రలు అసలు పెట్టొద్దు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా ఆయన షార్జాలో వెల్డింగ్ పని చేస్తారు. వచ్చే ఆదివారం మా తోటికోడలి తమ్ముడు దుబాయ్ వెళ్తున్నాడు, అతని చేతికి ఒక పెట్టె ఇద్దామనుకున్నాను. జీడిపప్పు, ఆవకాయ, మసాలాకి గసగసాలు, మా ఆయన బీపీ మాత్రలు, నడుం నొప్పికి ఇక్కడ ఉన్నప్పుడు వాడిన ట్రమడాల్ మాత్రలు పది షీట్లు సర్దాను. గసగసాలు అక్కడ పట్టుకుంటారని ఒకరు అన్నారు. పోస్టులో పంపి పైన గిఫ్ట్ అని రాస్తే ఎవరూ అడగరని ఇంకొకరు అన్నారు. ఏది నిజం సార్?

జవాబు: అమ్మా, గసగసాల గురించి మీకు చెప్పినవాళ్లు సరిగ్గానే చెప్పారు. పోస్టు సంగతి చెప్పినవాళ్ల మాట మాత్రం దయచేసి వినకండి. మీ టెన్షన్ అంతా గసగసాల మీద ఉంది గానీ, మీ ఉత్తరం చదివి నేను ఉలిక్కిపడింది ఆ పది షీట్ల మాత్రల దగ్గర.

ముందు గసగసాలు. మనకి అది కిరాణా కొట్లో దొరికే మసాలా దినుసు, కొంటే తప్పు లేదు, ఎందుకంటే 1985 నాటి మత్తుమందుల చట్టం (కోర్టులో ఎన్డీపీఎస్ యాక్ట్ అంటాం) నల్లమందు మొక్కలో మిగతా భాగాలన్నిటి మీదా ఆంక్షలు పెడుతూ 'గింజలు తప్ప' అని తనే రాసింది. ఆ గింజలే మన గసగసాలు. కానీ కాయ పాలు అంటుకుని గింజల మీద మార్ఫిన్ అనే మత్తుమందు ఆనవాళ్లు మిగలొచ్చు, అందుకని యూఏఈ (షార్జా, దుబాయ్ ఉన్న దేశం అదే), సౌదీ, ఖతర్, సింగపూర్ లాంటి దేశాలు గింజల్ని కూడా రానివ్వవు. వంద గ్రాముల పొట్లమైనా అంతే. అక్కడి ఆఫీసరు మీ మాట నమ్మి, ఇది కూరలో వేసుకునేదే అని ఒప్పుకున్నా నిషేధం నిషేధమే. ఇంకోటి, మన ఇళ్లలో మాంసం మసాలా దంచేటప్పుడు గసగసాలు వేయించి కలిపేస్తాం కదా, అలాంటి పొడి డబ్బా పెట్టెలో ఉంటే అదీ తీసేయండి. కూర చిక్కగా రావాలంటే మీరు పంపే జీడిపప్పు ముద్ద నూరి వేసుకోమనండి, పలాస పప్పు ఉండగా గసగసాల కోసం జైలు ముఖం చూడాల్సిన అవసరం లేదు.

ఇక ట్రమడాల్. మెడికల్ షాపులో చీటీ చూపిస్తే ఇచ్చే మందే కదా అనుకుంటారు చాలామంది. 2018 ఏప్రిల్ నుంచి దాన్ని మన దేశంలోనే ఎన్డీపీఎస్ చట్టం కిందకి తెచ్చారు. డాక్టరు చీటీతో రోగి తన సొంత వాడకానికి వంద మాత్రల వరకు దగ్గర పెట్టుకోవచ్చని ఎన్డీపీఎస్ నిబంధనల్లో 66వ రూలు చెబుతుంది. తన సొంత వాడకానికి అన్న మాట గమనించండి. మీరు ఇంకొకరి చేతికిచ్చి దేశం దాటిస్తే ఆ రూలు మిమ్మల్నీ కాపాడదు, ఆ అబ్బాయినీ కాపాడదు, అది అనుమతి లేకుండా ఎగుమతి చేయడం కిందకి వస్తుంది, సెక్షన్ 23. ఇక్కడ లెక్క కొంచెం ఓపిగ్గా చూడండి. ట్రమడాల్‌కి 5 గ్రాముల వరకు చిన్న మొత్తం, 250 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం. పది షీట్లంటే వంద మాత్రలు, ఒక్కోదాంట్లో 50 మిల్లీగ్రాముల మందు ఉంటే సరిగ్గా 5 గ్రాములే కదా అని మీకు అనిపించొచ్చు, కానీ చట్టం తూచేది లోపలి మందుని కాదు, మాత్ర మొత్తాన్ని. కలిపిన పదార్థాలతో సహా బరువు చూడాలనే నిబంధన సరైనదేనని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అలా తూస్తే మీ వంద మాత్రలు 5 గ్రాములు ఎప్పుడో దాటిపోతాయి. చిన్న మొత్తానికి ఏడాది వరకు శిక్ష, అది దాటి వాణిజ్య మొత్తం లోపు ఉంటే పదేళ్ల వరకు. ఇదంతా విశాఖలోనో హైదరాబాద్‌లోనో విమానం ఎక్కకముందే పట్టుబడితే. దిగాక పట్టుబడితే యూఏఈ చట్టం వేరే ఉంది, అక్కడ కూడా ట్రమడాల్ నియంత్రిత మందే, ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా తేవడం నేరం.

దొరికేది మీరు కాదమ్మా, పెట్టె మోసినవాడు. ఆ పొట్లం ఎవరిదో తర్వాత చెప్పుకోవాల్సిందే తప్ప ఆ క్షణంలో అతని చేతిలో ఉన్నది అతనిదే. 2019లో ముంబయికి చెందిన భార్యాభర్తలు దోహా వెళ్తే, బంధువు ఇచ్చిన ప్యాకెట్‌లో నాలుగు కిలోలకు పైగా హషీష్ (గంజాయి మొక్క నుంచి తీసే మత్తుమందు) దొరికింది. పదేళ్ల శిక్ష పడింది, ఆమె జైల్లోనే బిడ్డని కన్నది. మన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో ఇక్కడ విచారణ చేసి, వాళ్లకి తెలియకుండా పెట్టారని తేల్చాక, 2021లో నిర్దోషులుగా బయటపడ్డారు. దాదాపు రెండేళ్లు పోయాయి. మీ పెట్టెలో హషీష్ లేదు, నాకు తెలుసు. కానీ మీ తోటికోడలి తమ్ముడు అక్కడ ఒక్క రాత్రి స్టేషన్లో కూర్చున్నా ఉద్యోగం పోవచ్చు, వీసా పోవచ్చు, ఆ తర్వాత రెండిళ్ల మధ్య మాటలుండవు.

పోస్టు మాటకొస్తే, తినే వస్తువులతో సహా ఏడాదికి 5 లక్షల రూపాయల విలువ వరకు విదేశాలకి గిఫ్టుగా పంపుకోవచ్చని మన విదేశీ వాణిజ్య విధానంలోనే ఉంది. కాబట్టి జీడిపప్పు పెట్టెకి గిఫ్ట్ అని రాయడం తప్పు కాదు. పంపకూడని వస్తువుకి ఆ మాట రాసినా ఉపయోగం లేదు. పోస్టాఫీసులో ఇచ్చే కస్టమ్స్ డిక్లరేషన్ ఫారంలో వస్తువు పేరు, బరువు, విలువ రాసి కింద మీరు సంతకం పెడతారు, రేపు కోర్టులో అది మీ మాటే. ఆ వివరాలు కంప్యూటర్లో పెట్టె కంటే ముందే వెళ్తాయి, పెట్టె ఎక్స్‌రే కిందకి వెళ్తుంది. 2024 జూన్ నుంచి అమల్లో ఉన్న కొత్త పోస్టాఫీసు చట్టం అనుమానం వస్తే పార్సెల్ ఆపి తెరిచే అధికారం కూడా ఇచ్చింది. ట్రమడాల్‌ని 'విటమిన్ మాత్రలు' అని రాస్తే ఒక తప్పు మీద ఇంకో తప్పు.

బీపీ మాత్రలు మామూలు రకమైతే పంపొచ్చు. మందు పేరు చూపించి నియంత్రిత జాబితాలో ఉందేమో అక్కడి ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో మీ ఆయన్నే చూడమనండి. లేదని తేలితే షీట్లు విప్పకుండా, కత్తిరించకుండా, డబ్బాతోనే పెట్టండి. డాక్టరు చీటీ ఇంగ్లీషులో, మీ ఆయన పాస్‌పోర్టులో ఉన్న పేరుతో ఉండాలి, షాపు బిల్లు జత చేయండి, మూడు నెలలకు మించి వద్దు. ఆవకాయ నూనె కారకుండా ప్యాక్ చేయించండి, చేతి సంచిలో కాక లోపలికి వేసే లగేజీలో పెట్టమనండి.

నడుం నొప్పి మాటేమిటి అంటారు. మీ ఆయన షార్జాలో ప్రైవేటు కంపెనీలో ఉన్నారు కాబట్టి ఇది అడగమనండి: షార్జాతో పాటు మిగతా ఉత్తర ఎమిరేట్లలో 2025 జనవరి 1 నుంచి, వీసా కొత్తగా ఇచ్చినా పొడిగించినా, ఆరోగ్య బీమా చేయించే బాధ్యత యజమానిదే. ఆ కార్డుతో అక్కడి డాక్టరుకి చూపించుకుంటే అక్కడి చీటీ, అక్కడి మందు, ఏ గొడవా ఉండదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో పుట్టి పెరిగినవాడు, ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగుతున్నాడంటే కిడ్నీ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోమనండి. ఇది వకీలుగా కాదు, ఈ జిల్లా మనిషిగా చెబుతున్నాను.

పెట్టె పంపాక 'కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పార్సెల్లో డ్రగ్స్ దొరికాయి, డబ్బు కట్టండి, వీడియో కాల్ కట్ చేయొద్దు' అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేసి సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి. ఫోన్లో అరెస్టు అనేది మన చట్టంలో లేదు. నిజంగానే అక్కడ ఎవరైనా పట్టుబడితే మాత్రం ఆలస్యం చేయకుండా దుబాయ్‌లోని మన కాన్సులేట్‌కి చెప్పి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఇక్కడ వకీలు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగండి, నంబరు 15100. ఆదాయం ఎంత ఉన్నా ఆడవాళ్లకి అక్కడ ఉచితం.

ఆదివారం ప్రయాణం అన్నారు కదా, ఈ రాత్రే పెట్టె విప్పండి. గసగసాలు, ట్రమడాల్ తీసేసి, మిగిలినవన్నీ ఆ అబ్బాయి ఎదురుగా ఒక్కొక్కటీ చూపించి సర్దండి, కాగితం మీద పేర్లు రాసి ఫోటో తీసి మీ ఆయనకి వాట్సాప్ చేయండి. టేపు అతన్నే వేసుకోనివ్వండి.