ఆల్ఫా 0.97 వచ్చింది సరే, రోగికి ప్రశ్న అర్థమైందా?

మీరు అడిగింది: డ్యాష్ (DASH: భుజం, చేయి సమస్యల వల్ల రోజువారీ పనులు ఎంత కష్టమవుతున్నాయో రోగినే అడిగే) ప్రశ్నావళిని తెలుగులోకి అనువదించాం, క్రోన్‌బాక్ ఆల్ఫా 0.97 వచ్చింది, వ్యాలిడేషన్ (కొలవాల్సినదాన్నే సరిగ్గా కొలుస్తోందని నిరూపించడం) అయిపోయినట్టేనా?

కాదండీ. ఫిజియోథెరపీ పీజీ థీసిస్‌లో నేనూ ఇలాగే సంబరపడ్డాను. ఆల్ఫా చెప్పేది ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో అంతే. 30 ప్రశ్నలుంటే అది ఎలాగూ పెరుగుతుంది. 0.95 దాటితే, అడిగిందే మళ్లీ అడుగుతున్నారేమో అని పరీక్షకులే అనుమానిస్తారు.

మాకు అసలు తంటా మాటలతో వచ్చింది. ఇంగ్లిష్‌లో ఆర్మ్ వేరు, హ్యాండ్ వేరు. మనకు రెండూ చెయ్యే! మొదటి డ్రాఫ్టులో "చేయి, భుజం లేదా చేయి" అని పడింది. చివరికి "భుజం నుంచి వేళ్ల దాకా ఎక్కడైనా" అని మార్చాం. "తిమ్మిరి" అంటే కొందరు మొద్దుబారడం అనుకున్నారు, అందుకే "సూదులు గుచ్చినట్టు" అని చేర్చాం. "పోయిన వారం" బదులు "గడిచిన 7 రోజుల్లో" అన్నాకే గందరగోళం తగ్గింది.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ "చేయను", "చేయలేను" మధ్య తేడా. బరువైన ఇంటిపనులు తను ఎప్పుడూ చేయనని ఒకాయన నేరుగా 5కి, అంటే "అసలు చేయలేను"కి, టిక్ పెట్టేశారు. చేయి మాత్రం బాగానే ఉంది. ఆ వారం ఆ పని చేయకపోతే, చేయాల్సి వస్తే ఎంత కష్టమయ్యేదో ఊహించి చెప్పమని సూచనల్లో ఉంటుంది, కానీ ఎవరు చదువుతారు? జవాబుల సగటులోంచి 1 తీసేసి 25తో హెచ్చిస్తే 0–100 మధ్య స్కోరు వస్తుంది కదా. అంటే 1 (ఏ కష్టమూ లేదు) రావాల్సిన చోట 5 పడితే ఒక్క ప్రశ్నకే 3.3 పాయింట్లు పెరుగుతాయి. ఇలాంటివి మూడు పడితే 10. ఆల్ఫాకి ఇదేమీ కనపడదు.

కాబట్టి ముందు 30–40 మంది రోగుల చేత నింపించి, "ఈ ప్రశ్నకి మీకేం అర్థమైంది?" అని సొంత మాటల్లో చెప్పించండి. మాకు ఎక్కువ నేర్పింది ఆ వారమే. శృంగారం గురించిన ప్రశ్నని చాలామంది వదిలేస్తారు, దాన్ని విడిగా లెక్కపెట్టుకోండి. మూడుకి మించి ఖాళీలుంటే స్కోరే వేయకూడదు.

రీటెస్ట్‌లోనూ (అదే ప్రశ్నావళిని అదే రోగుల చేత మళ్లీ నింపించడంలో) తప్పు చేశాం. రెండు వారాల తర్వాత పిలిస్తే, వ్యాయామాలతో సగం మందికి నయమైంది, ఐసీసీ (రెండుసార్ల స్కోర్లు ఎంత సరిపోలాయో చెప్పే అంకె) పడిపోయింది! "అప్పటికీ ఇప్పటికీ మార్పుందా?" అని అడిగి, లేదన్నవాళ్లనే లెక్కలోకి తీసుకోండి.

డ్యాష్ స్కోరుకి నొప్పి స్కేల్‌తో, పట్టు బలంతో సంబంధం ఎటువైపు, ఎంత ఉండాలనుకుంటున్నారో డేటా చూడకముందే రాసి పెట్టుకోండి. అన్నట్టు, డ్యాష్ హక్కులున్న టొరంటోలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ వర్క్ అండ్ హెల్త్ దగ్గర అనువాదానికి అనుమతి తీసుకున్నారా?