జంప్ సంగతి తర్వాత, ముందు ల్యాండింగ్ చూడు తమ్ముడూ

ప్రశ్న: అన్నయ్యా, మాది గాజువాక. ఈమధ్యే కొలరాడో వచ్చాను. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక చిన్న స్కీ ఏరియాలో వాటా తీసుకుంటున్నాం. టెర్రైన్ పార్కు, అంటే మంచుతో జంపులు కట్టిన చోటు, పెడితే కుర్రకారు బాగా వస్తారంటున్నారు. ఎవరికైనా దెబ్బ తగిలితే మా మీదకి వస్తుందా? దెబ్బ తగిలినా దావా వేయమని అందరి చేతా సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, సెలవులకి వైజాగ్ వచ్చి అమ్మ దగ్గర కూర్చుని రాస్తున్నాను. పొద్దున్న ఆర్కే బీచ్‌కి వెళ్తే, నీళ్లలోకి దిగొద్దన్న బోర్డు పక్కనుంచే కాలేజీ పిల్లలు దిగుతున్నారు. లైఫ్ గార్డు ఈల వేస్తే గానీ వెనక్కి రాలేదు. నువ్వు పెట్టించుకునే సంతకం ఆ బోర్డులాంటిది. ఉండాల్సిందే, కానీ దాన్ని నమ్ముకుని పార్కు తెరవకు.

కొలరాడోలో 1979 నుంచి స్కీ సేఫ్టీ చట్టం ఉంది. స్కీయింగ్‌లో సహజంగా ఉండే ప్రమాదాలకి ఆపరేటర్ని బాధ్యుణ్ణి చేయదు. అయితే చట్టం చెప్పిన పని నువ్వు చేయకపోతే, అదే నిర్లక్ష్యం కిందకి వస్తుంది. అలాంటి కేసులో సంతకం కాగితం అడ్డు పడదని రాష్ట్ర సుప్రీం కోర్టు 2024లో స్కీయర్లని కొండ పైకి తీసుకెళ్లే లిఫ్ట్ దగ్గర జరిగిన ఒక ప్రమాదం మీద తేల్చింది. ఒరెగాన్‌లో టెర్రైన్ పార్కు జంప్ మీద దెబ్బతిన్న కుర్రాడి విషయంలో 2014లోనే అక్కడి సుప్రీం కోర్టు ఆ కాగితం చెల్లదంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక యువకుడు జంప్ మీంచి ల్యాండింగ్ దాటి పడి, కాళ్లూ చేతులూ పడిపోయాయి. 2007లో జ్యూరీ 1.4 కోట్ల డాలర్లు ఇమ్మంది. అక్కడ గొడవంతా ఆ జంప్ కట్టిన తీరు మీదే.

కాబట్టి కట్టడం దగ్గర మొదలుపెట్టు. ఎంత ఎత్తు ఎగిరాడన్న దానికంటే ఎలాంటి వాలు మీద దిగాడన్నదే ముఖ్యం. గాల్లోంచి వచ్చే దారికి దగ్గరగా వాలు ఉంటే మనిషి జారిపోతాడు. అదే చదును మీద పడితే మేడ మీంచి దూకినట్టే. ఆ వాలు పొడుగ్గా ఉంచు, ఎందుకంటే వేగం రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి గడ్డకట్టిన ఇన్‌రన్ (జంప్ దాకా జారి వచ్చే దారి) మీద పొద్దున్న దూసుకెళ్లి ల్యాండింగ్ దాటేస్తారు. మధ్యాహ్నం ఎండకి మంచు మెత్తబడితే వేగం చాలక ముందే పడతారు.

ఇది నాకు పుస్తకాల్లో తెలియలేదు. నేను పనిచేసిన మొదటి కొండ మీద ఒక పొద్దున్న, ఇన్‌రన్ అద్దంలా ఉంటే, ఎవరూ స్పీడ్ చూడకుండానే దారికి అడ్డంగా కట్టిన తాడు తీసేశాం. పదమూడేళ్ల పిల్లాడు చదును మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వాళ్లమ్మ గ్లవ్ ఊడదీస్తుంటే వాడు పెట్టిన కేక నేను మర్చిపోలేదు. లాగ్ బుక్ తీస్తే ఆ రోజు పేజీ ఖాళీ.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేశారు. లాగ్ బుక్‌లో రాయకుండా షిఫ్ట్ అప్పగించేవారు కాదు. నీ పార్కులోనూ అంతే. రోజూ ఒకడు నడుచుకుంటూ వెళ్లి లిప్, అంటే జంప్ మీంచి గాల్లోకి ఎగిరే అంచు, చూడాలి, ల్యాండింగ్‌లో బూటు మడమతో తొక్కి చూడాలి, రేక్‌తో సరిచేయాలి, పనివాళ్లలో ఒకడు జంప్ చేసి చూశాకే తాడు తీయాలి. టైమూ, మంచు తీరూ, పేరూ రాయాలి. మధ్యాహ్నం మళ్లీ చూడాలి. అనుమానమొస్తే మూసెయ్యండి, ఎవరేమన్నా సరే.

మొదటి సీజన్‌కి పైన జారడానికి బాక్సులు, చిన్న రోలర్లు (గుండ్రటి మంచు గుట్టలు) చాలు. దారి మొదట్లో నారింజ రంగు కోడిగుడ్డు ఆకారం గుర్తూ, పార్కులో ఎలా మెలగాలో చెప్పే బోర్డూ పెట్టండి. ఇన్సూరెన్స్ వాళ్లతో మంచు కదపకముందే మాట్లాడండి. ఎవరైనా పడితే ముందు స్కీ పట్రోల్ (కొండ మీద ప్రథమ చికిత్స చేసేవాళ్లు), తర్వాత ఆ జంప్‌ని ముట్టుకోకుండా కొలతలూ ఫోటోలూ.

ఇంకొకటి, నువ్వు హెచ్-1బీ మీద ఉంటే పెట్టుబడి వేరు, అక్కడ పనిచేయడం వేరు. ఇమిగ్రేషన్ లాయర్ని అడగకుండా రేక్ పట్టుకోకు.

సంక్రాంతి కాగానే తిరిగి వస్తాను. ల్యాండింగ్ పెడదామనుకుంటున్న చోటుని పక్కనుంచి ఫోటో తీసి పంపు, వాలు కనబడేలా.